నెట్ పోయినప్పుడు తెగింది ఎక్కడో వెతకాలి

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కష్టపడి చదవాలనీ, క్రమశిక్షణతో ఉండాలనీ నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. నేను కాలేజీ కంప్యూటర్ ల్యాబులో చాలా ఏళ్ళు పని చేసిన వాణ్ణి. అందుచేత నాకు తెలిసిన ఒక చిన్న విషయం చెప్పి కూర్చుంటాను. ఇంట్లో కంప్యూటర్‌కు నెట్ పోతే ఏం చేయాలి?

ఇంత పెద్ద సభలో ఇదేం విషయమని మీకు అనిపించవచ్చు. కాని ఒకసారి ఆలోచించండి. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ గానీ, ఒడిశా రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్ గానీ, ప్రవేశ పరీక్షలు గానీ, కౌన్సెలింగ్ గానీ, దేనికైనా ఈనాడు దరఖాస్తు నెట్‌లోనే నింపాలి. గడువు రోజు రాత్రి పది గంటలకు నెట్ పోయిందంటే మార్కులున్న పిల్ల కూడా ఒక ఏడాది ఆగిపోవలసి వస్తుంది. ఏడాదంతా రాత్రింబగళ్ళు చదివిన పిల్ల, గోడ దగ్గర ఒక వైరు వదులైనందుకు నష్టపోవడం న్యాయమా?

నెట్ పోగానే సాధారణంగా మన ఇళ్ళలో జరిగేది ఇది. అన్నయ్య ప్లగ్గులన్నీ ఒకేసారి పీకేస్తాడు. తమ్ముడు సెట్టింగుల్లోకి వెళ్ళి కనిపించిందల్లా మారుస్తాడు. నాన్నగారు కంపెనీకి ఫోన్ చేసి కోప్పడతారు. ఒక్కోసారి నెట్ వస్తుంది గాని, దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. రాకపోతే మొదట ఉన్న లోపానికి మనం చేసిన లోపాలు నాలుగు తోడవుతాయి. అందుకని ఈ రోజు నా మాటల్లో మీరు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. తెగింది ఎక్కడో తెలుసుకున్న తరువాతే చెయ్యి పెట్టాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

కుళాయిలో నీళ్ళు రాకపోతే మన అమ్మలు ఏం చేస్తారు? ముందు వంటింటి కుళాయి చూస్తారు, తరువాత స్నానాల గది కుళాయి చూస్తారు, ఆ తరువాత పక్కింటి వాళ్ళను అడుగుతారు. ఒక్క కుళాయి రాకపోతే లోపం కుళాయిది. ఇల్లంతా రాకపోతే ట్యాంకుది. వీధంతా రాకపోతే మున్సిపాలిటీది. నెట్ సంగతీ ఇంతే. మీ కంప్యూటర్ నుంచి వై-ఫై ద్వారా గానీ వైరు ద్వారా గానీ రౌటర్‌కు, రౌటర్ నుంచి ఫైబర్ పెట్టెకు, అక్కడి నుంచి వీధిలోని ఫైబర్ ద్వారా కంపెనీకి, కంపెనీ నుంచి మీకు కావలసిన వెబ్‌సైట్‌కు దారి ఉంటుంది. కొన్ని ఇళ్ళలో రౌటరూ ఫైబర్ పెట్టే ఒకటే. ఈ దారిలో మన దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ బయటికి నడవాలి.

మొదటి మెట్టు. నెట్ పోయింది కంప్యూటర్ ఒక్కదానికా, ఇంటికంతటికా? ఫోన్‌ను అదే వై-ఫైకి కలిపి చూడండి. అయితే ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయాలి సుమా! లేకపోతే ఫోన్ తన సొంత దారిన వెళ్ళి పేజీ తెరిచేస్తుంది, వై-ఫై బాగానే ఉందని మనం మోసపోతాం. ఫోన్‌లో పేజీ తెరుచుకుంటే రౌటరూ వీధీ బాగానే ఉన్నట్టు, లోపం కంప్యూటర్‌లో ఉన్నట్టు. తెరుచుకోకపోతే రౌటర్ దగ్గరికి నడవండి.

రెండవ మెట్టు. పెట్టె మీది దీపాలు చూడండి. దీనికి ఇంగ్లీషు అక్కర్లేదు, బామ్మగారైనా చూసి చెప్పగలరు. అసలు దీపమే లేకపోతే కరెంటు అందడం లేదన్నమాట. ప్లగ్గు, స్విచ్చు, అడాప్టర్ చూడండి. ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే వీధి నుంచి కాంతి మీ పెట్టెకు చేరడం లేదని అర్థం. అలాంటప్పుడు కంప్యూటర్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం లేదు. ఫైబర్ తీగ బీరువా కింద నలిగిందా, తలుపు సందులో మడత పడిందా, ఎలుక కొరికిందా అని చూసి, కంపెనీకి చెప్పాలి. ఆ తీగ చివర ఊడితే కన్ను దగ్గర పెట్టుకొని మాత్రం చూడకండి. అందులో వచ్చే లేజర్ కాంతి కంటికి కనిపించదు, కంటికి మంచిదీ కాదు.

దీపాలన్నీ మామూలుగానే ఉండి నెట్ రాకపోతే, ఫైబర్ పెట్టె, రౌటర్ రెండూ ఆపి, ఒక నిమిషం ఆగి, ముందు ఫైబర్ పెట్టె వేయండి. దాని దీపాలు కుదుట పడ్డాక రౌటర్ వేయండి. కంప్యూటర్‌ను ఆఖరున వేయండి. ఇక్కడ ఒక హెచ్చరిక. రౌటర్ వెనుక గుండుసూది పట్టేంత చిన్న రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కిపెడితే లోపలి అమరికలన్నీ చెరిగిపోతాయి. కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మీ దగ్గర రాసి లేకపోతే ఆ రాత్రికి నెట్ మీద ఆశ వదులుకోవలసిందే. ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు.

మూడవ మెట్టు. లోపం కంప్యూటర్‌దే అని తేలితే ముందు తేలికైనవి చూడండి. ఏరోప్లేన్ మోడ్ పొరపాటున నొక్కుకుపోయిందా? వైరుతో కలిపిన కంప్యూటరైతే ఆ వైరు చివరి ప్లాస్టిక్ నాలుక విరిగిందా? అది విరిగితే వైరు చూడటానికి పెట్టినట్టే ఉంటుంది గాని లోపల తగలదు. వై-ఫై అయితే రౌటర్‌కు దగ్గరగా వచ్చి చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి మైక్రోవేవ్ ఓవెన్ అడ్డు తగులుతుంది, ఎందుకంటే ఆ ఓవెన్ పనిచేసేదీ ఆ తరంగాల మీదే.

ఇవన్నీ బాగుంటే విద్యార్థులు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అక్షరాలు ఎడం లేకుండా కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుసలో మీ కంప్యూటర్ చిరునామా కనిపిస్తుంది. మామూలుగా ఇళ్ళలో అది 192.168 తో మొదలవుతుంది. 169.254 తో మొదలైతే మాత్రం ఒక సంగతి తెలుస్తుంది. కంప్యూటర్ చిరునామా ఇమ్మని అడిగింది, రౌటర్ నుంచి జవాబు రాలేదు, గత్యంతరం లేక తనకు తానే ఒక చిరునామా పెట్టుకుంది. అంటే లోపం కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్యనే ఉంది. వై-ఫై తీసి మళ్ళీ కలపండి, వైరు మార్చి చూడండి.

తరువాత పింగ్ అనే ఆదేశం ఉంది. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ దీన్ని రాశాడు. నీళ్ళలో ధ్వనిని పంపి, ప్రతిధ్వని విని దూరాన ఉన్నదాన్ని కనిపెట్టే సోనార్ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. మనమూ మూడుసార్లు పిలిచి జవాబు వినాలి. మొదట డిఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో ఉన్న అంకెను పింగ్ చేయండి. అది మీ రౌటర్. రెండవసారి 8.8.8.8 ను చేయండి. అది బయటి ప్రపంచంలోనిది. మూడవసారి గూగుల్ డాట్ కామ్ అని పేరుతో చేయండి. రౌటర్ పలికి 8.8.8.8 పలకకపోతే లోపం ఇంటి గడప దాటిన తరువాత ఉందని ఊహించవచ్చు. అంకె పలికి పేరు పలకకపోతే పేరును అంకెగా మార్చే ఏర్పాటులో లోపం ఉంది. దాన్నే డీఎన్‌ఎస్ అంటారు. పాల్ మోకపెట్రిస్ 1983లో రూపొందించిన ఈ ఏర్పాటు మన టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది. లైను బాగున్నా డైరెక్టరీ దొరక్కపోతే ఎవరికి ఫోన్ చేస్తాం? అప్పుడు నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెడితే చాలాసార్లు పని జరుగుతుంది. పాత అంకె ఉంటే ముందు కాగితం మీద రాసుకొనే మార్చండి.

పాత కంప్యూటర్ కొనుక్కున్న ఇళ్ళకు మరొక మాట. నెట్ ఉన్నట్టే ఉంటుంది, వెబ్‌సైట్లు మాత్రం భద్రత లేదని చెప్పి తెరుచుకోవు. అప్పుడు తెర మూలన తేదీ చూడండి. లోపలి బటన్ సెల్లు అయిపోతే కంప్యూటర్ ఆపినప్పుడల్లా తేదీ ఏళ్ళ తరబడి వెనక్కి పోతుంది. ప్రతి వెబ్‌సైట్ ధ్రువపత్రానికీ ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. కంప్యూటర్ తేదీ తప్పయితే ఆ పత్రం చెల్లదని అది తలుపు మూసేస్తుంది. తేదీ సరిచేస్తే తెరుచుకుంటుంది. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సి.ఆర్. 2032 అనే 3 వోల్టుల సెల్లు. అది మారిస్తే మళ్ళీ ఆ బాధ ఉండదు.

ఆఖరి మెట్టు వెబ్‌సైట్‌ది. మిగతా సైట్లన్నీ వస్తూ దరఖాస్తు పేజీ ఒక్కటే రాకపోతే మీ నెట్‌ను అనుమానించకండి. గడువు రోజున అందరూ ఒకేసారి మీద పడితే ఆ సైటే నెమ్మదిస్తుంది. తెల్లవారుజామున ప్రయత్నించండి. ఫీజు కట్టేటప్పుడు మధ్యలో ఆగిపోతే వెంటనే రెండోసారి కట్టకండి. బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గిందా, దరఖాస్తు స్థితి ఏమని చూపిస్తోంది అన్నవి చూసిన తరువాతే మరో అడుగు వేయండి.

మన ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు కూడా చాలాసార్లు ఈ తుఫానుల కాలంలోనే నడుస్తుంటాయి. కాబట్టి మనకు గడువు తేదీ అంటే కాగితం మీద ఉన్న తేదీ కాదు, దానికి పది రోజుల ముందటి తేదీ. ఉరుములు మొదలవకముందే రౌటర్ ప్లగ్గూ, కంప్యూటర్‌కు వచ్చే నెట్ వైరూ రెండూ తీసేయండి. ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు. నెట్ రాకపోతే ఫోన్‌లోని హాట్‌స్పాట్‌తో కంప్యూటర్‌ను నడపడం ముందే నేర్చుకొని ఉంచండి. అవసరం వచ్చిన రాత్రి నేర్చుకోవడం కష్టం.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. నెట్ పోయిన తేదీ, సమయం, అప్పుడు ఏ దీపం ఎలా ఉంది, ఏం చేస్తే వచ్చింది అన్నవి రాయండి. నాలుగు నెలల్లో మీ ఇంటి జబ్బు మీకే తెలిసిపోతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి అందులోనే రాయండి. ఆ నంబరు ఇవ్వాలని 2012 నాటి ట్రాయ్ నిబంధనల్లోనే ఉంది. నెట్ రావడం లేదంటే చాలదు, “సాయంత్రం ఆరు నుంచి ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా ఉంది” అని చెప్పండి. అవతలి మనిషికి ఎక్కడికి రావాలో తెలుస్తుంది.

రెండవది జాగ్రత్త. మీరు పిలవకుండా ఎవరైనా ఫోన్ చేసి, నెట్ బాగు చేస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి అంటే ఫోన్ పెట్టేయండి. ఆ యాప్‌తో మీ తెర అంతా వాళ్ళకు కనిపిస్తుంది. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 కు ఫోన్ చేయండి.

పిల్లలూ, ఇక మీకు. మన ఇళ్ళలో మాట తెలుగు, బళ్ళో ఒడియా, తెర మీద ఇంగ్లీషు. తెర మీద వచ్చిన వాక్యాన్ని చదవకుండానే మూసేయడం చాలామందికి అలవాటు. అది పూర్తిగా చదవండి. చదివి అమ్మకు తెలుగులో చెప్పండి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు అర్థమైనట్టే. రేపు మీరు భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో హాస్టల్‌లో ఉంటారు. ఇక్కడ చెల్లెలి దరఖాస్తు ఆగిపోతుంది. అప్పుడు అమ్మ ఫోన్‌లో “ఎర్ర దీపం లేదురా, ఫోన్‌లో వస్తోంది, కంప్యూటర్‌లోనే రావడం లేదు” అని చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. తెలిసిన వాడు ఇంట్లో ఒక్కడే ఉంటే వాడు ఊరెళ్ళిన రోజున ఇల్లంతా ఆగిపోతుంది. కాబట్టి ఈ వారంలోనే, నెట్ బాగున్నప్పుడే, మీ ఇంటి పెట్టె మీద ఏ దీపం మామూలుగా ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ చూపించండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి నాడి తెలిస్తేనే గదా జ్వరం తెలిసేది!