‘మీ రక్తంలోనే ఉంది’ అన్నవాళ్లకి మన జవాబు

(ఆదివాసీ యువతీ యువకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకిచ్చిన అంశం జన్యువులు, పరిణామం, ప్రవర్తన. పేరు విని సైన్సు క్లాసు అనుకోకండి. మన మీద వందేళ్లకు పైగా వేస్తున్న ఒక మాట గురించి మాట్లాడుకోవడానికి వచ్చాం.

నేను ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు లెక్కల్లో తప్పాను. ఒక మాస్టారు పేపరు చేతికిస్తూ, "నీ తప్పేం లేదురా, మీవాళ్ల రక్తంలోనే లెక్కలు లేవు" అన్నాడు. తిట్టలేదు. జాలిగా అన్నాడు. అందుకే ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. తిడితే కోపమొస్తది, ఎదురు మాట్లాడతాం. జాలిపడితే ఏం మాట్లాడతాం? నిజమే కాబోలు అనుకున్నాను. ఆ ఏడాది మాకు అసలు లెక్కల మాస్టారే లేడు, సగం ఏడాది ఆ పీరియడ్లో ఖాళీగా కూర్చున్నాం అన్న సంగతి నాకు తట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మీరూ వినే ఉంటారు. "మీవాళ్లకి తాగుడు పుట్టుకతోనే వస్తది." "అడవి బుద్ధులు ఎక్కడికి పోతాయి?" "వాళ్లది దొంగల జాతి." మాటలు వేరైనా సారం ఒకటే. మనిషి ఎట్లా ఉంటాడో రక్తం ముందే రాసేసింది, దాన్ని మార్చలేం, కాబట్టి మీకు బడి, భూమి, ఆసుపత్రి ఇచ్చినా దండగే. ఆ "కాబట్టి" దగ్గరే ఉంది అసలు రాజకీయం.

ఆ మాట ఒకసారి చట్టమైంది

1871లో తెల్ల ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. నేతగాడి కొడుకు నేత నేర్చినట్టు, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు, కొన్ని జాతుల్లో దొంగతనం కూడా తాతల నుంచి వస్తదని ఆనాటి అధికారుల వాదన. మొదట ఉత్తరాదిలో పెట్టారు. 1911లో మళ్లీ కొత్త చట్టం చేసి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. మన దగ్గర ఎరుకల వాళ్ల మీద ఇది పిడుగులా పడింది. నువ్వు దొంగతనం చేశావా లేదా అని ఎవరూ అడగరు. ఆ జాతిలో పుట్టడమే నేరం. పేరు నమోదు, వేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పుట్టిన సెటిల్మెంటే. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు.

ఆ ముద్ర పడకముందు ఎరుకల వాళ్లు ఏం చేసేవాళ్లు? ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని కోస్తాకీ లోపలి ప్రాంతాలకీ మధ్య తిరిగి బేరం చేసేవాళ్లు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైలు కలిసి ఆ బేరాన్ని మింగేశాయి. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ సంగతులన్నీ ప్రభుత్వ రికార్డుల్లోంచే తవ్వి తీసి పుస్తకం రాశారు. బతుకుతెరువు పోయిన జనంలో కొందరు దొంగతనానికి దిగితే, దానికి కారణం రక్తమా, రైలా?

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది. కానీ వెంటే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. కాగితం మారింది, అనుమానం మారలేదు.

జన్యువులకి సంబంధమే లేదా?

ఉంది. ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. "జన్యువులకీ ప్రవర్తనకీ ఏ సంబంధమూ లేదు" అని మనం అంటే, రేపు చదువుకున్నవాడెవడో వచ్చి మనల్ని ఒక్క నిమిషంలో నోరు మూయిస్తాడు. ఒకే తల్లి పిల్లల్లో ఒకడు నెమ్మది, ఒకడు దుడుకు. మన కోపం, భయం, చురుకు వీటన్నిటిలో జన్యువులకి వాటా ఉంది. కవల పిల్లల మీద చేసిన పరిశోధనలు ఆ సంగతి గట్టిగానే చెప్పాయి.

అయితే ఆ వాటా ఎట్లా ఉంటదో చూడాలి. మనిషిలో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. వాటిలో దొంగతనం జన్యువు, బద్ధకం జన్యువు, లెక్కల జన్యువు అని ఏదీ లేదు. ఒక్కో గుణం వెనక వందల, వేల చోట్ల చిన్న చిన్న తేడాలు ఉంటాయి. ఒక్కోదాని బలం గింజంత. అవి పనిచేసేది కూడా తిండి, నిద్ర, భయం, ప్రేమ, చదువు వీటన్నిటితో కలిసే.

ఇక అసలు మెలిక. దోసెడు చోళ్లు తీసుకోండి, తెలంగాణ వాళ్లకైతే తైదలు. అందులో రకరకాల విత్తులు కలిసి ఉన్నాయి. సగం మంచి నేలలో చల్లారు, సగం రాతి చెలకలో చల్లారు. మంచి చేలోకి వెళ్లి చూస్తే ఒక మొక్క ఎత్తు, ఒకటి పొట్టి. నేల ఒకటే కాబట్టి ఆ తేడా విత్తుది. రాతి చెలకలోనూ అంతే. కానీ ఈ చేనుకీ ఆ చేనుకీ మధ్య తేడా? అది నేలది. రాతి చెలకలో చోళ్లు పొట్టిగా ఉన్నాయి కాబట్టి ఆ విత్తే చెడ్డదని ఎవరైనా అంటే మన అవ్వ నవ్వుతది. అమెరికా జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1970లో విత్తనాల లెక్కతోనే ఈ వాదన చెప్పాడు. 1972లో ఆయనే ఇంకో లెక్క తేల్చాడు. మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనం లోపల ఉండేవే. అంటే తేడాల్లో ఎక్కువ భాగం మన గూడెం లోపలే దొరుకుతుంది. జాతికీ జాతికీ మధ్య మిగిలేది కొంచెం.

నేల మారితే ఏమైంది?

అమెరికాలో ఉత్తర కరొలైనా కొండల్లో చెరోకీ ఆదివాసులు ఉంటారు. 1993లో పరిశోధకులు ఆ ప్రాంతంలో 1,420 మంది పిల్లల్ని ఏటేటా గమనించడం మొదలుపెట్టారు. వాళ్లలో నాలుగోవంతు ఆదివాసీ పిల్లలు. పేద పిల్లల్లో కొట్లాట, మొండితనం, మాట వినకపోవడం ఎక్కువగా కనబడింది. "వాళ్ల రక్తమంతే" అనేవాళ్లు అక్కడా ఉంటారు కదా.

ఆ పరిశోధన సాగుతుండగానే ఆ తెగ తన భూమిలో ఒక క్యాసినో తెరిచింది. జూదం మంచిదా చెడ్డదా అన్న చర్చ పక్కన పెడదాం. లాభంలో వాటా తెగలో ప్రతి మనిషికీ ఏ షరతూ లేకుండా పంచారు. దాంతో కొన్ని కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. నాలుగేళ్ల తర్వాత చూస్తే, ఆ ఇళ్లలో పిల్లల కొట్లాటలు, మొండితనం ఎన్నడూ పేదలు కాని పిల్లల స్థాయికి దిగొచ్చాయి. పేదరికంలోనే మిగిలిన ఇళ్లలో దిగలేదు. జేన్ కాస్టెల్లో బృందం 2003లో ఈ ఫలితాలు అచ్చేసింది. దిగులు, ఆందోళన లాంటి బాధల్లో అంత మార్పు రాలేదని కూడా వాళ్లే చెప్పారు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఎందుకు మారారు అని వెతికితే పెద్ద కారణంగా తేలింది, అమ్మానాన్నలకి పిల్లల్ని చూసుకునే తీరిక దొరకడం.

నాలుగేళ్లలో ఎవరి జన్యువులూ మారవు. మారింది ఇంట్లో తిండి, తీరిక, ధీమా. వలసపోయిన తల్లిదండ్రుల కోసం ఎదురుచూస్తూ పెరిగిన పిల్లలు మీలో ఉన్నారు. ఆ తీరిక విలువ ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

‘యోధ జన్యువు’ కథ

2006లో న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల గురించి ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. ఎంఏఓఏ అనే జన్యువులో ఒక రకం మావోరీ మగవాళ్లలో ఎక్కువగా ఉందని, దానికీ దుడుకుతనానికీ సంబంధం ఉందని ఒక పరిశోధకుడు సదస్సులో చెప్పాడు. పత్రికలు దానికి ‘యోధ జన్యువు’ అని పేరు తగిలించాయి. మావోరీల్లో నేరాలెందుకు ఎక్కువ? ఇదిగో జన్యువు దొరికింది! భూములు పోయిన సంగతి, భాష మీద కర్ర పడిన సంగతి ఆ వార్తలో ఎక్కడ పడతాయి?

పరీక్షించింది కొద్దిమందినే. అదే రకం తెల్లవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఉంది. చైనా మగవాళ్లలో మావోరీల కంటే కూడా ఎక్కువ ఉంది. వాళ్లని ఎవరూ పుట్టు కొట్లాటగాళ్లు అనలేదే? ఇంకొకటి. 2002లో అదే న్యూజిలాండ్ పిల్లల మీద వచ్చిన పరిశోధన చెప్పింది వేరే సంగతి. చిన్నప్పుడు దెబ్బలు, హింస అనుభవించిన పిల్లల్లోనే ఆ జన్యువు తేడా చూపింది. హింస లేని ఇంట్లో అది అట్లా పని చేయలేదు. అంటే ఆ పరిశోధన మనకి చెప్పేది పిల్లల్ని కొట్టొద్దని. పత్రికలు దాన్ని ఒక జాతిని కొట్టే కర్ర చేశాయి.

పరిణామం అంటే మెట్లు కాదు

చాలామందికి పరిణామం అంటే ఒక మెట్ల వరస. కింద కోతి, మధ్యలో ఆదివాసి, పైన కోటేసుకున్న మనిషి. ఇది తప్పు. మనం, బస్తీ వాళ్లు, తెల్లవాళ్లు అందరం ఒకే పూర్వీకుల నుంచి అంతే కాలం నడిచి వచ్చినవాళ్లం. పరిణామం చేసే పని ఒక్కటే. ఉన్న చోట బతకనిచ్చేదాన్ని నిలబెడుతది.

మనకి తెలిసిన ఉదాహరణ సికిల్ సెల్. రక్తంలో హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే వచ్చేది. ఒక్కరి నుంచి వస్తే వాహకులు, మామూలుగానే బతుకుతారు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి రక్షణ ఉంటది. 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో ఈ సంగతి బయటపెట్టాడు. మన దేశంలో ఈ లక్షణాన్ని నీలగిరి ఆదివాసుల్లో 1952లో గుర్తించారు. మలేరియా ఉన్న చోట ఈ జన్యువు నిలిచింది. అది మన జాతి లోపం కాదు, మలేరియాతో మన పూర్వీకులు చేసిన పోరాటపు గుర్తు. కానీ తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది.

ఇప్పుడు ప్రవర్తన దగ్గరికి రండి. సికిల్ సెల్ జబ్బున్న పిల్ల హాస్టల్లో ఉంది. ఒళ్లునొప్పులు, ఆయాసం. ఆటకి రాదు, తెల్లారి లేవదు. టీచరు ఏమంటుంది? "బద్ధకం, మీ జాతే అంత." చూశారా, ఇక్కడ నిజంగానే జన్యువు ఉంది. కానీ ఆ జన్యువు చేసింది నొప్పి. దానికి బద్ధకం అని పేరు పెట్టింది మనుషులు. పరీక్ష చేసి, హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ అందించి, చాలినన్ని నీళ్లు తాగించి, చలికి దుప్పటి ఇస్తే ఆ పిల్ల లేచి బడికి వస్తది. జన్యువు అదే, బతుకు వేరు.

మన రక్తం, మన అనుమతి

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం. పరీక్ష చేయించుకోండి, మీ గూడెంలో అందరితో చేయించండి. పెళ్లి సంబంధం చెడిపోతదని దాచకండి. కానీ అడగాల్సింది అడగండి.

ఎందుకంటే, అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హవాసుపాయ్ తెగ 1990ల్లో షుగర్ జబ్బు పరిశోధన అనుకుని రక్తం ఇచ్చింది. ఆ రక్తాన్ని మానసిక జబ్బుల మీద, దగ్గరి పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని మీద కూడా వాడారు. 2003లో విషయం బయటపడింది. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్త నమూనాలు తిరిగిచ్చింది. తమ వాళ్ల రక్తం కదా, ఆ తెగ వాళ్లు ప్రార్థనలతో వాటిని వెనక్కి తెచ్చుకున్నారు.

అందుకే సూది పొడిచే ముందు నాలుగు ప్రశ్నలు. ఇది దేనికి? ఫలితం నాకు ఎప్పుడు, నా భాషలో చెప్తారా? మిగిలిన రక్తం ఏం చేస్తారు? ఇంకో పనికి వాడాలంటే మళ్లీ అడుగుతారా?

మనకి మనం చెప్పుకునే అబద్ధం

చివరగా మనవాళ్ల మీద ఒక మాట. "ఆదివాసీ రక్తంలోనే ప్రకృతి ప్రేమ ఉంది, సమానత్వం ఉంది, మనకి మోసం తెలియదు" అని మనమూ వేదికల మీద అంటుంటాం. వినడానికి బాగుంటది. కానీ మంచి రక్తం ఉందని ఒప్పుకుంటే, చెడ్డ రక్తం ఉందని కూడా ఒప్పుకున్నట్టే. అడవిని కాపాడే తెలివి మనకి రక్తంలో రాలేదు. అవ్వ చెయ్యి పట్టుకుని ఏ దుంప తవ్వాలో, ఏది వచ్చే ఏటికి వదలాలో నేర్పితే వచ్చింది. నేర్పడం ఆగితే ఒక్క తరంలో పోద్ది. ఇప్పటికే పోతోంది.

తాగుడు సంగతీ అంతే. గోదావరి కొండల్లో మనవాళ్లు తాటికల్లు, జీలుగుకల్లు ఇంటికోసం గీసుకునేవాళ్లు. పండగకి, పెళ్లికి కట్టుబాటుతో తాగేవాళ్లు. ప్రభుత్వం ఆ హక్కు లాక్కుని కల్లు గుత్తేదార్ల చేతిలో పెట్టింది. ఆ బాధ, చిగురుపన్ను బాధ కలిసి 1879లో రంప తిరుగుబాటు లేచింది. కల్లు మీద మన హక్కు కోసం పోరాడిన జనాన్ని, తర్వాత గూడెం గూడేనికి సారా ప్యాకెట్లు దింపి, తాగుబోతు జాతి అన్నారు. తాగుడికి లోబడే గుణంలో జన్యువుల వాటా ఉండొచ్చు, అది ఏ ఊరి మనిషికైనా ఉంటది. గూడెం మొదట్లో దుకాణం పెట్టింది మాత్రం జన్యువు కాదు. ఆ దుకాణం మీద, మన ఇళ్లలో పెరిగిన ఆ అలవాటు మీద మనం కొట్లాడాల్సిందే. "మా రక్తమంతే" అని చేతులెత్తేయడానికి లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు ఎవరైనా "మీ రక్తంలోనే ఉంది" అంటే అరవకండి. నెమ్మదిగా అడగండి: "ఏ జన్యువు సార్? ఎంతమందిని చూశారు? రెండు చేలలో నేల ఒకటేనా?" ఆ తర్వాత మీ బడిలో లెక్కల మాస్టారు ఉన్నాడో లేడో లెక్క రాయండి. పీహెచ్‌సీలో డాక్టరు ఎన్ని రోజులు వచ్చాడో రాయండి. ఎన్ని పోడు పట్టాలు ఆగిపోయాయో రాయండి. అది మన నేల లెక్క. ఆ కాగితం పట్టుకుని ఐటీడీఏకి వెళ్దాం.

ఇక మీరు మాట్లాడండి, నేను వింటాను. జోహార్.