దెయ్యం లేని భయం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"మీరు ఇంజినీరు కదా, తుపానులకు నిలిచే ఇళ్ల గురించి చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. తొమ్మిదో తరగతి పిల్లలేమో "దెయ్యాల కథలు చెప్పించండి సార్" అని అడిగారట. ఇళ్లూ భయాలూ రెండూ కలిపి చెప్తాను. ఎవరికీ అన్యాయం జరక్కుండా ఉంటుంది.

మన వైపు దెయ్యాలకి కరువు లేదు. చింతచెట్టుకొకటి, పాడుబడ్డ నూతికొకటి. మా మామ్మ కొరివి దెయ్యాన్ని దారి తప్పించే ఉపాయం కూడా చెప్పేది. ఆ భయాలు తెల్లారితే పోయేవి. పగలు కూడా పోనిది చిల్లంగి భయం. ఫలానా ముసలమ్మ చిల్లంగి పెట్టిందని నలుగురూ కలిసి కొట్టి చంపిన వార్తలు మన జిల్లాల పేపర్లలో మనం చదివినవే. అందులో భయపడాల్సింది ముసలమ్మని చూసి కాదు, ఆ నలుగుర్ని చూసి.

ఈ సంగతి కథల్లో బాగా పట్టుకున్నవాడు ఎడ్గార్ ఎలన్ పో. 1809 జనవరి 19న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టాడు. మూడేళ్లు నిండకుండానే తల్లి పోయింది. రిచ్‌మండ్‌లో జాన్ ఎలన్ అనే వ్యాపారి ఇంట్లో పెరిగాడు. ఇంటిపేరు మధ్యలో పెట్టుకోనిచ్చారు గానీ చట్టప్రకారం దత్తత తీసుకోలేదు. చదువు ఖర్చుల దగ్గర, అప్పుల దగ్గర తగాదాలొచ్చి చివరికి ఆస్తిలో చిల్లిగవ్వ దక్కలేదు. భార్య వర్జీనియా క్షయతో 1847లో చనిపోయింది. తర్వాత రెండేళ్లకే, 1849 అక్టోబర్ 7న, బాల్టిమోర్ ఆసుపత్రిలో నలభయ్యేళ్లకి ఆయనా పోయాడు. చావుకి కారణం ఇప్పటికీ తేలలేదు.

ఆయన కథ ఒకటి 'ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్'. 1839లో వచ్చింది. మడుగు ఒడ్డున పాత మేడ. మొదట్లోనే ఒక సన్నటి బీట చూపిస్తాడు. కప్పు దగ్గర మొదలై వంకరటింకరగా గోడంతా దిగి నీళ్లలో కలిసిపోతుంది. కథ చివర ఆ బీటే వెడల్పై మేడ మొత్తం మడుగులోకి పోతుంది. ముప్ఫై ఏళ్లుగా గోడల బీటలు చూస్తూ బతుకుతున్నవాణ్ని, ఆ మొదటి పేజీ చదవగానే "ఈ ఇంట్లో పడుకోకు నాయనా" అనాలనిపించింది. అన్ని బీటలూ ప్రమాదం కావు. పైపూత బీట వేరు, పునాది నుంచి వచ్చినది వేరు. తేడా తెలియకపోతే బీటకి అడ్డంగా పల్చటి గాజుపట్టీ అతికించి, తేదీ రాసి వదిలేస్తాం. కొన్నాళ్ల తర్వాత వెళ్లి చూస్తే గాజు పగిలి ఉందంటే ఇల్లింకా కదులుతోందన్నమాట. ఆ గాజుపట్టీని మా వృత్తిలో 'టెల్‌టేల్' అంటారు. గుట్టు బయటపెట్టేది అని.

పో రాసిన మరో కథ పేరు 'ది టెల్‌టేల్ హార్ట్', 1843 నాటిది. ఒకడు ముసలాయన్ని చంపి నేల చెక్కల కింద దాచేస్తాడు. పోలీసులొస్తే నవ్వుతూ కుర్చీలు వేస్తాడు. కాసేపటికి చెక్కల కింద గుండె కొట్టుకుంటున్నట్టు వాడికి వినపడటం మొదలవుతుంది. వాడంతట వాడే అరిచి చెప్పేస్తాడు. కథలో దెయ్యం లేదు. ఉన్నదల్లా చేసినవాడి బుర్ర.

ఇంతవరకూ పరాయి ఊరి సంగతి. ఈ పని మన గడ్డ మీద చేసినాయన ఒకరున్నారు. చాసో, అంటే చాగంటి సోమయాజులుగారు. ఆయన్ని భయానక రచయిత అని ఎవరూ అనరు. అభ్యుదయ రచయిత అంటారు, అదీ నిజమే. కానీ నన్ను రాత్రి నిద్రపోనివ్వని కథలు పోవి కాదు, ఈయనవే.

పుట్టింది శ్రీకాకుళంలో, 1915 జనవరి 17న. పో పుట్టినరోజుకి రెండు రోజుల ముందు. ఈయనా మరో ఇంటికి వెళ్లినవారే. అయితే నిజంగా దత్తత ఇచ్చారు, విజయనగరంలోని చాగంటివారింటికి. మహారాజా కాలేజీలో చదివారు. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామిగార్లు స్నేహితులు. 1942లో 'చిన్నాజీ'తో కథలు మొదలుపెట్టారు. యాభై ఏళ్లలో రాసినవన్నీ ఒక్క పుస్తకంలో పట్టేస్తాయి, కథలు కూడా చిన్నవే. కథ ఒక్క కూర్చోవడంలో చదివేసేలా ఉండాలని, ప్రతి మాటా ఒకే ప్రభావం కోసం పనిచేయాలని పో 1842లోనే అన్నాడు. ఆ లెక్కన చూస్తే చాసో పోకంటే పిసినారి.

'వాయులీనం' చూడండి. రాజ్యం అనే ఇల్లాలికి ఫిడేలు వచ్చు. పెళ్లయ్యాక అది మూలపడింది. ఆమెకి పెద్ద జబ్బు చేస్తుంది. వైద్యానికి డబ్బుల్లేక భర్త ఫిడేలు అమ్మేస్తాడు. ఆమె బతుకుతుంది. మిగిలిన డబ్బుతో ఆమెకి చీర కూడా తెస్తాడు. ఇందులో తప్పు ఎవరిది? భర్త మంచివాడు. ప్రాణం కంటే ఫిడేలు ఎక్కువా అంటే జవాబు లేదు. పో కథలో నేల కింద శవం ఉంది, చంపినవాడున్నాడు, వాడు ఒప్పుకుంటే కథ అయిపోతుంది. చాసో ఇంట్లో హంతకుడు లేడు, జమాఖర్చులు సరిగ్గా సరిపోయాయి, అయినా ఆ ఇంట్లో ఏదో చచ్చిపోయింది. ఎవరు ఒప్పుకోవాలి? ఇంకో మాట. ఈ కథ రాసినాయన ఊరు విజయనగరం. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు నేర్పిన ఊరు. అక్కడ కూర్చుని ఫిడేలు అమ్ముడుపోయిన కథ రాయడం అల్లాటప్పా విషయం కాదు.

'ఏలూరెళ్లాలి' కథంతా పిల్లల ముందు చెప్పను. ముసలి భర్త పోతే, బిడ్డ లేకపోతే తన గతేమిటన్న భయం ఒక ఆడమనిషి చేత ఏం చేయించిందో అందులో ఉంది. 'కుంకుడాకు'లో పొయ్యిలోకి ఆకూ పుల్లా ఏరుకునే పేదపిల్ల దెబ్బలు తింటుంది. ఫిడేలు, కుంకుడాకు. చాసో గోడ మీద అతికించిన గాజుపట్టీలు ఇవి. చేతిలో పట్టేంత వస్తువు పగిలితే గానీ ఇల్లు కదులుతోందని మనకి తెలీదు.

ఈ బడిలో చదివినవాళ్లం తప్పించుకోలేని కథ 'ఎందుకు పారేస్తాను నాన్నా'. చదువంటే ప్రాణమైన కుర్రాణ్ని డబ్బుల్లేక బడి మాన్పించారు. తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. కొట్టుకి వెళ్లాలంటే బడి ముందునుంచే పోవాలి. అంతే, ఆ దారే కథ. చీకటి లేదు, శ్మశానం లేదు. పట్టపగలు, తెరిచున్న గేటు, లోపల తోటి పిల్లలు. నాకు మా మామ్మ చెప్పిన నూతి దారి కంటే ఆ దారి భయంకరంగా ఉంటుంది.

ఆరో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు లెక్కల్లో నాకంటే చురుకు. ఎనిమిదిలో మానేసి జీడిపిక్కల పనికి వెళ్లాడు. జీడినూనెకి వేళ్లు నల్లబడిపోయేవి. ఎదురొస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. మా తరగతి గ్రూపు ఫొటోలో లేనివాళ్లు ఇలా ఎంతమందో మాస్టార్లకే తెలుసు.

అందుకే కమిటీవారికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కడదామన్నారు. డిజైను ఉచితంగా వేస్తానని నేనే మాటిచ్చాను, వేస్తాను. కాస్త చిన్నది వేస్తాను. మిగిలినదానితో ఎనిమిదికీ పదికీ మధ్య మానేసే పిల్లల పేర్లు ఏటా జూన్‌లో హెడ్మాస్టారుగారి దగ్గర తీసుకుని, ఒక్కొక్కరి ఇంటికీ మనలో ఒకరు వెళ్లే ఏర్పాటు చేద్దాం. డబ్బు కంటే ముందు ఎవరో ఒకరు వెళ్లడం కావాలి.

రావిశాస్త్రిగారు 1993 నవంబరులో పోయారు. ఆయన పుట్టిందీ శ్రీకాకుళమే. రెండు నెలలు తిరక్కుండానే, 1994 జనవరి 1న, చాసో వెళ్లిపోయారు. ఆయన కోరిక ప్రకారం కళ్లూ దేహమూ దానం చేశారు. ఏటా జనవరి 17న విజయనగరంలో ఆయన పేరిట పురస్కారం ఇస్తారు. మన రచయితలు ఎవరెవరో చూడాలనుకున్నవాళ్లు ఒకసారి వెళ్లిరండి, రైలు దిగితే ఆటోలో చేరిపోవచ్చు.

మన లైబ్రరీకి 'చాసో కథలు' రెండు ప్రతులు ఇచ్చాను. పిల్లలూ, దెయ్యాల కథలు అడిగారు కదా, ముందు 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదవండి. పెద్దవాళ్లు 'వాయులీనం'తో మొదలుపెట్టండి, అయితే ఇంట్లో ఆవిడ చేత కూడా చదివించండి.