"గమ్యం చేరుకున్నారు" అన్న తర్వాత ఏమవుతుంది?

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న దూరం గురించి. ఎంత చిన్నదంటే, పది మీటర్లు కూడా ఉండదు.

మ్యాప్ పెట్టుకుని బస్టాప్‌కి వెళ్తున్నారనుకోండి. ఫోన్ "గమ్యం చేరుకున్నారు" అంటుంది. అప్పుడు మీరేం చేస్తారు? తలెత్తి చూస్తారు, షెల్టర్ కనిపిస్తుంది, నాలుగడుగులు వేస్తారు. అంతే. ఇదొక పని అని కూడా మనకి అనిపించదు. కానీ చూపు లేనివాళ్లకి అసలు కష్టం మొదలయ్యేది అక్కడే.

ఎందుకో చూద్దాం. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్లు అటూఇటూ అవుతుంది. పెద్ద బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి వస్తుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. ఆరేడు మీటర్ల అవతల నిలబడిన మనిషి బస్సు కోసమే ఉన్నాడని డ్రైవర్‌కి ఎలా తెలుస్తుంది? బస్సు వెళ్లిపోతుంది.

ఈ చివరి దూరం మీద అమెరికాలో మసాచుసెట్స్ ఐ అండ్ ఇయర్ ఆస్పత్రి పరిశోధకులు పనిచేశారు. వాళ్ల యాప్ పేరు ఆల్ అబోర్డ్. మ్యాప్ మిమ్మల్ని స్టాప్ దగ్గరికి తెస్తుంది, అక్కణ్ణుంచి ఈ యాప్ కెమెరాతో బస్టాప్ బోర్డుని వెతికి, దగ్గరయ్యేకొద్దీ శబ్దంతో చెప్తుంది. 2023లో వచ్చిన స్టడీలో చూపు సమస్య ఉన్న 24 మందితో బోస్టన్‌లోనూ, దాని శివారులోనూ పరీక్షించారు. గూగుల్ మ్యాప్స్ ఒక్కటే వాడితే 52 శాతం సార్లు సక్సెస్, ఈ యాప్‌తో 93 శాతం. బోర్డుకి మిగిలిన దూరం సగటున 7 మీటర్ల నుంచి 1.8 మీటర్లకి తగ్గింది. చేతికర్రకి అందేంత దగ్గర అన్నమాట!

స్పెయిన్‌లో ఇంకో దారి పట్టారు. బార్సిలోనా మెట్రో స్టేషన్లలో, బస్టాపుల్లో నావిలెన్స్ అనే రంగురంగుల కోడ్‌లు అంటించారు. మామూలు క్యూఆర్ కోడ్ అయితే దగ్గరికెళ్లి గురిపెట్టాలి. చూపు లేనప్పుడు గురి ఎక్కడ పెడతారు? ఈ కోడ్‌ని మాత్రం ఫోన్ దూరం నుంచే, నడుస్తుండగానే పట్టేసి, చదివి వినిపిస్తుంది.

మరి ఆల్ అబోర్డ్‌ని రేపే మన దగ్గరికి తెచ్చేద్దామా? ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఆ యాప్ ఒక నగరంలోని బస్టాప్ బోర్డుల ఫొటోలు వేలకొద్దీ చూసి నేర్చుకుంటుంది. అంటే బోర్డులన్నీ ఒకేలా ఉండాలి, బస్సు వాటి దగ్గరే ఆగాలి. మన హైదరాబాద్‌లో? షెల్టర్ ఒకచోట, బస్సు ఆగేది ఇంకోచోట. కొన్ని స్టాపులకైతే బోర్డే ఉండదు, జనం గుంపుగా ఉన్న చోటే స్టాప్! అలాంటప్పుడు కెమెరా దేన్ని వెతకాలి?

తెలంగాణ ఆర్టీసీ 2023లో గమ్యం యాప్ తెచ్చింది, బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూడొచ్చు. మంచి అడుగే. కానీ మూడు బస్సులు ఒకేసారి వచ్చి ఆగితే, మీది ఏదో ఎలా తెలియాలి? దీనికి ఢిల్లీ ఐఐటీ వాళ్లు ఆన్‌బోర్డ్ అనే పరికరం చేశారు. చేతిలో బటన్ నొక్కితే, బస్సు డోర్ దగ్గరున్న స్పీకర్ ఆ బస్సు నంబర్ పైకి చెప్తుంది. ఆ గొంతు వచ్చిన వైపే నడవొచ్చు.

కాబట్టి నేను చెప్పేదేంటంటే, యాప్ సగం పనే చేస్తుంది. మిగతా సగం రోడ్డు మీద ఉంది: ఒకేలాంటి బోర్డు, దాని దగ్గరే ఆగే బస్సు. కోడ్ రాయడం కంటే ఇదే కష్టం, కానీ ఇది లేకపోతే ఎంత మంచి కోడైనా దండగ.

మనం చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, మీ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఏదైనా బస్సు యాప్ వాడండి. పేరు చెప్పకుండా ఉత్త "బటన్" అని చదివితే, అది లోపమే. ఆ యాప్ రివ్యూలో రాయండి. రెండు, మీ వీధిలో బస్సు నిజంగా ఆగే చోటుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సరిచేయండి, ఎవరైనా చేయొచ్చు. మూడు, స్టాప్‌లో ఎవరైనా "ఇది ఎన్నో నంబర్ బస్సు?" అని అడిగితే చెయ్యి పట్టి లాగకండి. ముందు నంబర్ చెప్పండి, తర్వాత "తోడు రావాలా అండీ?" అని అడగండి.

మీ ఊళ్లో బోర్డు ఒకచోట, బస్సు ఇంకోచోట ఆగే స్టాప్ ఏది? కామెంట్స్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, బై!