గ్రాఫు ఎవరి కోసం?



బొమ్మలు, గ్రాఫులతో ఆఫీసు రిపోర్టులను ఆకట్టుకునేలా చేయడం గురించి మాట్లాడమన్నారు. ఆకట్టుకోవడం అంటే రంగులు అద్దడమని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశం వేరు.

మన గరివిడి మీదుగా వెళ్లే రైళ్లనే తీసుకోండి. వాటిని నడిపించే కంట్రోలరు ముందు ఒక చార్టు ఉంటుంది. ఒకవైపు సమయం, మరోవైపు వరసగా స్టేషన్లు. ఒక్కో రైలుకు ఒక్కో ఏటవాలు గీత. వెనక వస్తున్న ఎక్స్‌ప్రెస్ గీత ముందున్న గూడ్సు గీతను ఎక్కడ అందుకుంటుందో చూస్తే, గూడ్సును నెల్లిమర్లలో ఆపాలో, చీపురుపల్లి దాకా పోనివ్వాలో తేలిపోతుంది. అందులో అలంకారం లేదు. అయినా కంట్రోలరు దానిమీంచి చూపు తిప్పడు. తాను తీసుకోవలసిన నిర్ణయం అందులో ఉంది.

అటువంటి చార్టు లేకపోతే ఏమవుతుందో 1986లో ప్రపంచం చూసింది. అమెరికా వారి ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందు రోజు రాత్రి, చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు వలయాలు సరిగా పనిచేయవని, వాయిదా వేయమని ఇంజనీర్లు వాదించారు. 13 చార్టులు చూపించారు. కానీ జరిగిన ప్రయోగాలన్నిటి ఉష్ణోగ్రతలూ, వలయాలకు కలిగిన నష్టమూ ఒకేచోట చూపిన చార్టు వాటిలో లేదు. పైవాళ్లు వారి మాట తోసిపుచ్చారు. జనవరి 28న, పైకి లేచిన 73 సెకన్లకు నౌక ముక్కలై ఏడుగురు చనిపోయారు. తర్వాత విచారణ సంఘం ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. సుమారు 19 డిగ్రీల సెల్సియస్, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే వలయాలు దెబ్బతిన్నాయి. 17 డిగ్రీలు, అంతకు తక్కువలో జరిగిన నాలుగింటిలోనూ దెబ్బతిన్నాయి. ఆ ఉదయం ఉష్ణోగ్రత దాదాపు 2 డిగ్రీలు. తప్పు ఒక్క చార్టుదే అనను. కానీ ఆ ఇంజనీర్ల చేతిలో ఉండవలసిన ఆయుధం అదే.

ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మూడే మాటలు. గ్రాఫు గీసేముందు, చూసే మనిషి ఏం తేల్చుకోవాలో ఒక వాక్యంలో రాసుకోండి. ఇబ్బంది వచ్చిన రోజులతోపాటు రాని రోజులనూ అందులో చూపండి. పోలిక లేనిదే కారణం దొరకదు. శీర్షికలోనే విషయం చెప్పండి. మన ఊరి ఫెర్రో అల్లాయ్స్ వంటి పరిశ్రమలో కొలిమి గురించి రాస్తే "విద్యుత్ వినియోగం" అంటే ఎవరూ ఆగి చూడరు. "తడి ఖనిజం వేసిన వారాల్లో కరెంటు ఎక్కువ కాలింది" అంటే మేనేజరు కుర్చీలో ముందుకు జరుగుతాడు.

చివరగా మన సంఘానికి ఒక మనవి. వచ్చే ఏడాది నుంచి జమాఖర్చుల పట్టికతోపాటు ఒక బొమ్మ కూడా వేద్దాం: ఏటా మనం పోగుచేసింది ఎంత, అందులో పిల్లల చదువుకి చేరింది ఎంత, రెండు గీతలు పక్కపక్కన. వాటి మధ్య ఎడం కనబడితే, దాన్ని ఎలా పూడ్చాలో ఈ సభే మాట్లాడుకుంటుంది.