బొమ్మలోని చీర, మగ్గముమీది చీర

(బరంపురమున జరిగిన తెలుగువారి సమావేశములో ఒక వస్త్రవర్తకుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. మెట్రిక్ వరకు చదివి, తండ్రిగారి వెంట బట్టల కొట్టున కూర్చున్నవాడను. కృత్రిమ మేధను గూర్చి మాటలాడుటకు నాకేమి యర్హత యని మీరడుగవచ్చును. పొరపాటు చేసినవాని యనుభవమే నా యర్హత. దానిని మీ యెదుట చెప్పుకొని, అందుండి మనకందఱకు పనికివచ్చునది యేమో విచారించుటకు నిలుచున్నాను.

మొదట విషయమేమో మనవి చేసెదను. చీరను బల్లమీద పఱచి, ఫోటో తీసి కంప్యూటరుకు ఇచ్చినచో, ఆ చీరను కట్టుకొన్న స్త్రీ బొమ్మను అది తయారుచేయును. ఆ స్త్రీ లోకమున ఎక్కడను లేదు. లెక్కలేనన్ని ఛాయాచిత్రములనుండి ముఖ మెట్లుండునో, మడత యెట్లు పడునో, వెలుగెట్లు వ్రాలునో ఆ యంత్రము నేర్చుకొన్నది. నేర్చినదానినుండి క్రొత్త చిత్రమును కల్పించును. మోడలునకు, ఫోటోగ్రాఫరునకు, అలంకరణ చేయువారికి సొమ్మీయనక్కఱలేదు. దీపముల అద్దె లేదు. వాన వచ్చినను పని యాగదు. వర్తకునికి ఆశ పుట్టుటలో వింత లేదు.

ఈ యాశ చిన్నకొట్లవారిది మాత్రమే కాదు. 2023 మార్చిలో లీవైస్ సంస్థ, ఆమ్‌స్టర్‌డామ్ నగరపు లాలాలాండ్ సంస్థతో కలసి ఇట్టి మోడళ్లను పరీక్షించెదమని ప్రకటించెను. వివిధ వర్ణముల, వివిధ దేహముల వారిని చూపుట తన యుద్దేశమని చెప్పెను. అట్టి మనుష్యులకే పని యీయరాదా యని విమర్శ లేచినది. అంతట, నిజమైన మోడళ్లతో తీయు చిత్రములను తగ్గించుట లేదని ఆ సంస్థ వివరణ యీయవలసి వచ్చెను. 2025 ఆగస్టు నెల అమెరికా వోగ్ పత్రికలో గెస్ సంస్థ ప్రకటన యొకటి వచ్చెను. అందలి సుందరి యంత్రకల్పిత యని చిన్న యక్షరములతో వ్రాసియుండెను. పాఠకులు అనేకులు ఆగ్రహించిరి. అదే సంవత్సరము మార్చిలో హెచ్ అండ్ ఎమ్ సంస్థ వేఱొక దారి త్రొక్కెను. 30 మంది నిజమైన మోడళ్లకు డిజిటల్ ప్రతిరూపములు చేయించెదమనియు, వానిపై హక్కు ఆ మోడళ్లదే యనియు, వాడుకకు ప్రతిఫల మిచ్చెదమనియు తెలిపెను. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు.

ఇక నా సంగతి. గత దసరాకు ముందు 40 పట్టుచీరల చిత్రములను ఒక్క సాయంకాలమున యంత్రముచేత చేయించితిని. అంతకుముందు మా వీధి యమ్మాయి యొకతె చీరలు కట్టుకొని నిలువగా, పరిచయస్థుడైన స్టూడియో యజమాని ఫోటోలు తీయుచుండెను. ఆ సొమ్ము ఆ పిల్ల కాలేజి ఖర్చులకు ఉపకరించుచుండెను. ఈ మాఱు ఇద్దఱిని పిలువలేదు. పైగా, యంత్రమునకు మాదిరిగా ఆమె పాత ఫోటోలనే యిచ్చితిని. ఫోటోలకు సొమ్మిచ్చితిని గదా, అవి నావే యనుకొంటిని. అడుగవలెనని తోచనే లేదు.

పండుగ దినములలో ఆమె కొట్టుకు వచ్చి గోడమీది బొమ్మను చాలసేపు చూచినది. "మామయ్యా, ముఖం నాది కాదు. నిలుచున్న తీరు మాత్రం నాదే, కొంగు పట్టుకున్న చెయ్యి నాదే. నన్ను ఒక్కమాట అడగలేకపోయారా?" అన్నది. నాకు జవాబు దొరకలేదు.

న్యూయార్కు రాష్ట్రమున ఫ్యాషను పనివారి చట్టము 2025 జూన్ 19 నుండి అమలులోనికి వచ్చినది. మోడలు ప్రతిరూపమును చేయుటకైనను, వాడుటకైనను ఆమె వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. దేనికొఱకు, ఎంతకాలము, ఎంత ప్రతిఫలమునకు అనునది అందు స్పష్టముగ నుండవలెను. ఆ చట్టము బరంపురమునకు వర్తింపదు. అందలి న్యాయము వర్తించును.

రెండవ దెబ్బ విశాఖపట్నమునుండి వచ్చినది. ఒక తల్లి కుమార్తె పెండ్లికని బొమ్మను చూచి చీర తెప్పించుకొని, వెంటనే త్రిప్పి పంపినది. బొమ్మలోని యంచు వేఱు, చీర యంచు వేఱు. రెంటిని తీసికొని, ఆ చీరను నేసిన పెద్దాయన యొద్దకు వెళ్లితిని. ఆయన కళ్లజోడు సవరించుకొని చూచి, "ఇది నేను నేసిన చీర కాదు బాబూ. కుంభం మెట్టు మెట్టుగా లేవాలి, ఇది పూరేకులా వంగిపోయింది. మగ్గం మీద ఇలా రాదు" అని బొమ్మను నా చేతిలో పెట్టెను.

గోపురములవలె వరుసగా లేచు కుంభపుటంచే బరంపురము పట్టునకు గుర్తు. మన దేవాంగులు తరతరములుగా ఈ యూర నిలిపిన పని యది. యంత్రము కంచి చీరలను, కాశీ చీరలను విస్తారముగ చూచియుండును. మన చీరను చూచినది స్వల్పమై యుండును. తెలియనిచోట తానెఱిగినదానిని తెచ్చి యతికించినది. పదిమందిలో ఒకరుగా బ్రతుకుచున్న మనకు ఇది తెలియని బాధ కాదు. కొద్దిగా కనబడుదానిని ఎక్కువగా కనబడునది కప్పివేయును.

బొమ్మ యంత్రము చేసినది, తప్పు నాది కాదనుటకు వీలులేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. జరిమానాకన్న ముందు పోవునది మాట. కొట్టుకు పెట్టుబడి మాటయే గదా!

దీనిని పూర్తిగా విడువుడని నేను చెప్పను. ఇంటివద్ద నాలుగు చీరలు పెట్టుకొని అమ్ముకొను విధవరాలికి స్టూడియో ఖర్చు భరింపనలవి కాదు. ఫోటోలో వెలుగు సరిచేయుటకు, వెనుకనున్న గోడను మార్చుటకు ఈ సాధనము ఆమెకు మేలు చేయును. కావున నాలుగు నియమములను మీ విచారణకు సమర్పించుచున్నాను.

మొదటిది: అమ్మెడు చీర యంచు, కొంగు దగ్గఱగా తీసిన నిజమైన ఫోటో లేక ఏ చీరను ప్రకటింపరాదు. రెండవది: కల్పిత చిత్రమైనచో ఆ మాటను తెలుగునను, ఒడియాలోను కంటికి కనబడునంత పెద్ద యక్షరములతో వ్రాయవలెను. మూడవది: మనిషి ఫోటోను యంత్రమున కిచ్చుటకు ముందు వ్రాతమూలకమైన సమ్మతిని పొంది, వాడిన ప్రతిసారి సొమ్మీయవలెను. నాలుగవది: బొమ్మను ముందు నేతగానికి చూపవలెను. ఆయన తనదనిననే అది బయటికి పోవలెను.

నేను ఆ 40 బొమ్మలను తీసివేసితిని. ఆ తల్లికి సొమ్ము త్రిప్పి యిచ్చితిని. స్టూడియో యజమానిని మరల పిలిచితిని. మా వీధి యమ్మాయికి ఇయ్యవలసినది ఇచ్చి, క్షమాపణ చెప్పుకొని, మరల వచ్చెదవా యని యడిగితిని. "ఆలోచించి చెబుతాను మామయ్యా" అన్నది. ఇంకను చెప్పలేదు. చెప్పకపోవుట ఆమె హక్కు. ముందే యడిగియున్నచో ఈనాడు ఎదురుచూడవలసిన పని నాకు లేకపోవును.