తెలిసిన పాట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



మనస్సు చెడిన మనుష్యునకు హితబోధ రుచింపదు. ధైర్యము వహింపుమని పదిమంది చెప్పినను అతని ముఖము వికసింపదు. ఆ సమయమున భజనమందిరమునుండి చిన్ననాట విన్న రామదాసు కీర్తన యొకటి చెవిని బడెనా, పల్లవి ముగియకముందే అతని పెదవులు తమంతట తామే కదలును. నాట్లు వేయు స్త్రీలు నడుములు నొచ్చిన వేళ పాట నెత్తుకొనుటయు నిట్టిదే. నొప్పి పోదు; చేతికి లయ మాత్రము చిక్కును.

క్రొత్తపాట కీ శక్తి యంతగా లేదు. క్రొత్తదానిని మనస్సు పరీక్షించుచుండును. తెలిసిన పాటలో రాబోవు మలుపు ముందే తెలియును గనుక దానికై యెదురుచూచును. కెనడా దేశమున మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2011లో దీనిని గూర్చిన పరిశోధన నొకదానిని ప్రకటించిరి. శ్రోతలు తమకు మిక్కిలి యిష్టమైన సంగీతమును తామే యెన్నుకొని వినిరి. ఆనందము పరాకాష్ఠ నందినపుడే కాక, అది రానున్నదని యెదురుచూచు క్షణములందును మెదడులో డోపమైన్ అను రసాయనము వెలువడుచున్నట్లు తేలినది. పరీక్షకు వచ్చిన శ్రోతలు కొలదిమందియే. అయినను పల్లవి మరలివచ్చు వేళ భజనపరుల తాళములు చేయు సందడి నెరిగినవారి కిది వింతగా దోపదు.

దుఃఖితునకు సంతోషగీతమే వినిపింపవలెనని కొందరు తలంతురు. అది సరికాదు. రామదాసు పాటలనే చూడుడు. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారు. సర్కారు సొమ్ము వెచ్చించి భద్రాచలమున రామునకు గుడి కట్టించెనని తానీషా ప్రభుత్వ మాయనను గోలకొండకోటలో ఖైదు చేసెను, పండ్రెండేండ్లని జనశ్రుతి. ఆ చెరలో పుట్టినవని ప్రసిద్ధికెక్కిన కీర్తనలలో ఓదార్పు తక్కువ. మొర, అలుక, నిష్ఠురము మెండు. ఒక కీర్తనలో దేవునికి చేయించిన నగల ఖరీదులు ఏకరువుపెట్టి నిలదీయును. పిమ్మట, పడిన హింస తాళలేక యట్లంటినే గాని ఆగ్రహింపవలదని వేడుకొనును. అప్పులవానిచే మాటపడి వచ్చిన రైతునకు ఆ నిష్ఠురము తన నోటిమాటగానే తోచును. పాట ముందుగా అతని ప్రక్కన చతికిలబడును. ఆపైన చేయిపట్టి లేపును.

గోపన్న మొర గోలకొండతో ఆగలేదు. నూరేండ్లు గడచిన వెనుక కావేరీతీరమున తిరువైయారులో త్యాగరాజు (1767–1847) ఒక కీర్తనలో, రామదాసును చెర విడిపించిన సంగతి తాను వినియున్నానని రామునకు జ్ఞప్తిచేసెను. ఒకని కష్టకాలపు కథ మరియొకని కాధారమైనది.

గ్రంథాలయమునకు ఇచ్చట నొక చిక్కున్నది. పుస్తకము పదమును దాచును గాని వరుసను దాచజాలదు. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడినది. అట్టి గ్రంథములు లేకున్న నెన్నియో పాటలకు మాటలైనను మిగులకపోవును. అయినను వరుస యెరిగిన ముసలమ్మ గతించినచో ఆ పాట చదువుకొనుటకే గాని పాడుకొనుటకు దక్కదు. పైగా, కష్టము వచ్చినదినమున పాట నేర్చుట కెవరికి తీరును? మతిమరపు వ్యాధిచే కన్నబిడ్డల పేర్లే మరచిన వృద్ధులు సైతము బాల్యమున నేర్చిన పాటను అందుకొని పాడుటను వైద్యులు గమనించియున్నారు. ఆ పాట వ్యాధిని కుదుర్చదు. నెలల తరబడి దిగులు వీడనివారిని వైద్యునికడకు గొనిపోవలసినదే. కాని మంచము ప్రక్కన కూర్చున్న కూతురితో ఆ తల్లి ఒక చరణమైనను గొంతు కలుపునెడల, ఆ యిల్లు ఆ పూటకు తేరుకొనును.

కావున ఈ గ్రంథాలయపు వాకిట వారమున కొక సాయంకాలము చాప పరచి, పెద్దలచే పాడించి, పిల్లలచే అనిపించుట మేలు. వరుసలను చేతిఫోనులో నెక్కించుకొనవచ్చును. జోల, నలుగు, సువ్వి, గొబ్బి పాటలలో ఎవరి కేది వచ్చునో ముందుగా నొక పట్టీ వ్రాయవలెను. డెబ్బదియేండ్లు దాటినవారితో మొదలుపెట్టుట మంచిది.