అడుగు లెక్క, అంకె లెక్క

ఇవాళ నేను ఎంచుకున్న విషయం చూడ్డానికి చిన్నదే. చాలాసేపు ఒకే తీరున సాగే వేగాన్ని చెప్పేటప్పుడు ఇంగ్లీషువాళ్లు ఏ మాట పక్కన ఏ మాట పెడతారన్నది. పేస్ పక్కన ఎక్కువగా స్టెడీ వస్తుంది, స్పీడ్ పక్కన కాన్‌స్టంట్. నిఘంటువు తెరిస్తే రెండు జోడీల అర్థమూ ఇంచుమించు ఒకటే. మరి ఎందుకిలా? ‘అది వాళ్ల అలవాటు, బట్టీ పట్టండి’ అనడం మన తరగతి గదుల్లో ఆనవాయితీ. అది సగం జవాబే. ఆ వేగం అలసిపోయే ఒంటిదా, కొలిచిన అంకెదా అన్న తేడా ఈ జోడీల్లో దాగి ఉందని నా వాదన.

పేస్ లాటిన్ ‘పాసుస్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. అడుగు అని అర్థం. అడుగన్నాక అలుపూ తడబాటూ ఉంటాయి, కాబట్టి దానికి నిలదొక్కుకోవడం కావాలి. స్టెడీ అన్న మాట పుట్టింది కూడా చోటు అని అర్థమిచ్చే ‘స్టెడ్’ నుంచే. స్పీడ్ కథ వేరు. పాత ఇంగ్లీషులో దానికి విజయం, కలిమి అని అర్థం. ప్రయాణమయ్యేవారికి చెప్పే ‘గాడ్‌స్పీడ్’లో అది ఇంకా మిగిలే ఉంది. తర్వాత త్వర అయింది, చివరికి భౌతికశాస్త్రం చేతిలో పడి అంకె అయింది. అంకెకు ఆయాసం రాదు. మారుతుంది, లేదా మారదు. ఈ తేడాను ఒక పరుగులో చూడండి. 2019 అక్టోబరు 12న వియన్నాలో మారథాన్ పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే 42.195 కిలోమీటర్లను 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాడు. అతని ముందు ఒక కారు రోడ్డు మీద లేజర్ గీతలు వేస్తూ పోయింది. 41 మంది వంతులవారీగా అతనికి తోడు పరుగెత్తారు. వాళ్లకు పేస్‌మేకర్లని పేరు. స్పీడ్‌మేకర్లని ఎవరూ అనలేదు. కిలోమీటరుకు 2 నిమిషాల 50 సెకన్లంటే పేస్, గంటకు 21 కిలోమీటర్ల పైచిలుకంటే స్పీడ్. పరుగు ఒక్కటే, లెక్క తిరగబడింది. ఈ కిలోమీటరు ఎంతసేపట్లో దాటాలన్నది పరుగెత్తేవాడి బాధ. గంటకు ఎంత దూరం పోయాడన్నది గట్టున కూర్చున్నవాడి ముచ్చట.

స్టెడీ స్పీడ్ అని కూడా అంటారు కదా అంటారేమో. అంటారు. నేను చెబుతున్నది మొగ్గు గురించి, ముళ్లకంచె గురించి కాదు. ఆ జోడీలో కూడా యాక్సిలరేటర్ మీద ఎవరిదో కాలు ఉందనిపిస్తుంది నాకు. ‘బ్రేక్‌నెక్ స్పీడ్’ మాత్రం నిజంగా నాకు ఎదురు సాక్ష్యమే. మెడ విరగడం ఒంటికి జరిగేదే కదా. కాకపోతే అది నిలిచి సాగే వేగం కాదు. మామూలు ఇంగ్లీషువాడికి లాటిన్ తెలుసా అన్నది ఇంతకన్నా గట్టి ఆక్షేపణ. తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. కొంతకాలం లాహోర్‌లో ఇంగ్లీషు బోధించిన భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ ఈ మాటల సహవాసానికి ‘కొలొకేషన్’ అన్న పేరును భాషాశాస్త్రంలో నిలబెట్టాడు. టీ స్ట్రాంగ్ అవుతుంది, కారు పవర్‌ఫుల్ అవుతుంది, అటుదిటు కుదరదని 1966లో మరో భాషాశాస్త్రవేత్త హాలిడే చూపాడు. పిల్లవాడు నేర్చుకునేది ధాతువును కాదు, జోడీని. ధాతువు దానిలోనే మూటగట్టుకుని వస్తుంది.

మనకు మాత్రం ఇది కొత్తా? మనిషి వడివడిగా నడుస్తాడు. బస్సు వడివడిగా పోయిందంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వాన జోరుగా కురుస్తుంది, చురుగ్గా కురవదు. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు స్పీడ్‌కు వడి అనీ, వెలాసిటీకి వేగం అనీ పేర్లు పెట్టాయి. పుస్తకంలో అంకెగా మారిన ఆ వడి, ఇంటి మాటల్లో ఇప్పటికీ కాళ్లనే అంటిపెట్టుకుని ఉంది.